మీసాల వారి కత్తి

కోడలి పుట్టింటివారి ఇంటిపేరు గడ్డం. అత్తింటివారి ఇంటిపేరు మీసాల. సంబంధం కుదిరిన రోజున పెళ్ళిళ్ళ పేరయ్య, "ఏం ఫరవాలేదమ్మా, పిల్ల గడ్డం మీంచి మీసం మీదికి వెళ్తోంది. ఒక మెట్టు పైకే కదా," అన్నాడు. ఆ మాటకి రెండువైపులవాళ్ళూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ఇరవై ఏళ్ళ తరవాత, సముద్రాలు దాటి పరాయి దేశంలో కాపురం పెట్టాక, ఆ ఇంటిపేరు తనకి ఇంత పని తెచ్చిపెడుతుందని కోడలు అప్పుడు అనుకోలేదు.

ఆ ఊళ్ళో ఆమెకి చిన్న కుట్టు దుకాణం ఉంది. ఒక పక్క చెప్పులు బాగుచేసే కొట్టు, ఇంకో పక్క లాండ్రీ. యూనిఫారాలు కుట్టడం, జేబుల మీద పేర్లూ గుర్తులూ ఎంబ్రాయిడరీ చెయ్యడం ఆమె పని. భర్త బిస్కట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. పిండిలో వెంట్రుక పడకూడదని అక్కడ మగవాళ్ళంతా రోజూ మొహం నున్నగా గీసుకుని వెళ్ళాలి. పొద్దున్నే కొడుకు మొహం చూసి అత్తగారు, "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు. మీసాల వారింట మీసం లేనివాడివి నువ్వొక్కడివేరా," అననిదే కాఫీ తాగదు.

అత్తగారు ఇంట్లో ఒక్కతే కూర్చోలేక కోడలితోపాటే దుకాణానికి వస్తుంది. బొత్తాలు కుడుతుంది, దారాలు రంగులవారీగా సర్దుతుంది, వచ్చినవాళ్ళందరితోనూ తెలుగులోనే మాట్లాడుతుంది. వాళ్ళకి అర్థమైందా లేదా అన్నది ఆవిడ బాధ కాదు.

దుకాణానికి కొత్త బోర్డు పెట్టించారు. ఆ దేశపు అక్షరాల్లో 'మీసాల టైలర్స్' అని రాయించారు. బోర్డు ఎక్కిన వారంలోనే ఒక మధ్యాహ్నం సిటీబస్సు డ్రైవరు ఒకాయన లోపలికి వచ్చాడు. ఆజానుబాహువు. తలుపు తగలకుండా వంగి వచ్చి, చొక్కా మీది బ్యాడ్జీని వేలితో చూపించాడు.

"మీ బోర్డు మీద నా పేరు రాసుకున్నారేంటండీ?" అన్నాడు ఆ దేశపు భాషలో.

బ్యాడ్జీ మీద 'మిజాల' అని ఉంది. ఆ దేశపు అక్షరాల్లో రెండు పేర్లూ ఇంచుమించు ఒకటే. కోడలు దాన్ని రెండుసార్లు చదివింది. మనిషి చూస్తే ఆ గడ్డమీదే పుట్టి పెరిగినవాడు. తెలుగు ముక్క రాదు.

"మా ముత్తాత తండ్రి పనికోసం ఓడెక్కి వచ్చాడట," అన్నాడు డ్రైవరు. "భాష పోయింది, ఊరి పేరు పోయింది. ఈ పేరొక్కటే మిగిలింది. ఈ దేశంలో ఈ పేరున్నవాళ్ళందరూ మా చుట్టాలే. మిమ్మల్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. రోజూ బస్సులోంచి బోర్డు చూస్తున్నాను, ఆగలేక దిగొచ్చాను."

కోడలు అదంతా తెలుగు చేసి చెప్పింది. అత్తగారు చేతిలోని బొత్తం పక్కన పెట్టేసింది.

"ఇంటిపేరు కలిసిందంటే దాయాదులే. ఇతను నీకు వరసకి మరిది అవుతాడు. నిలబెట్టి మాట్లాడతావేంటి, స్టూలు వెయ్యి," అంది.

మరిది స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన వచ్చింది బోర్డు సంగతి అడగడానికే కాదు. వచ్చే నెలలో వాళ్ళమ్మకి ఎనభై నిండుతాయి. దేశం నలుమూలల నుంచీ మిజాల వాళ్ళంతా వస్తున్నారు. అందరికీ ఒకేరకం చొక్కాలు, జేబు మీద వంశం గుర్తు. అది ఈ దుకాణంలోనే కుట్టించాలని ఆయన కోరిక.

"ఏం గుర్తండీ?" అని అడిగింది కోడలు.

"కత్తి," అన్నాడు డ్రైవరు, నడుం నిటారు చేసి. "మా పేరుకి అర్థం అదే కదా. రాజుగారి కత్తి."

కోడలికి నవ్వు గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగేసి, టేపు తీసుకుని జేబు కొలతలు రాసుకుంది. డ్రైవరు వెళ్ళాక సంగతి చెబితే అత్తగారు, "కత్తా? ఏ కత్తి? కూరగాయలు తరిగేదా?" అంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఇదే చర్చ.

"వాళ్ళకి కావలసింది కత్తి, నీకు కావలసింది పని. మధ్యలో మీసాలు తెచ్చి ఎందుకు గుచ్చుతావు?" అన్నాడు భర్త.

"అబద్ధం కుట్టేది దీని చెయ్యి కదరా," అంది అత్తగారు. "అయినా మన పేరుకేం తక్కువ? మీసం మీద నిమ్మకాయ నిలబెట్టిన వంశం మనది."

"మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అని ఊరంతా నవ్విన వంశం కూడా మనదేనమ్మా."

కోడలు ఎటూ తేల్చుకోలేకపోయింది. నమూనాకి ఒక కత్తి కుట్టింది. పిడికి బంగారు రంగు దారం, అంచుకి వెండి రంగు. నిజానికి అంత చక్కటి పని ఆమె చేతిలో ఈ మధ్య పడలేదు. డ్రైవరు వచ్చి ఆ జేబుగుడ్డని అరచేతిలో పెట్టుకుని, పసిపిల్లని చూసినట్టు చూశాడు.

"మా తాత ఇది చూడాల్సింది," అన్నాడు మెల్లగా. "బళ్ళో పిల్లలు నా పేరు పలకలేక వెక్కిరిస్తుంటే, నువ్వు కత్తివిరా, వాళ్ళకేం తెలుసు అనేవాడు."

ఆ మాటతో కోడలికి ఇంక దాచబుద్ధి కాలేదు. ఇంత నమ్మకంగా చూస్తున్న మనిషి చేత తెలిసీ తప్పు గుర్తు మోయించడం ఆమెకి సుతరామూ నచ్చలేదు.

"అన్నా, ఒక మాట. ఏమీ అనుకోకండి," అంది. వరసకి మరిదే అయినా నోటికి అన్నా అనే వచ్చింది. "మా భాషలో ఆ పేరుకి అర్థం కత్తి కాదు. మీసాలు."

"మీసాలంటే?"

ఆమె పైపెదవి మీద వేలితో గీత గీసి చూపించింది.

డ్రైవరు తన నున్నటి పెదవిని తడుముకున్నాడు. జేబుగుడ్డని జాగ్రత్తగా బల్లమీద పెట్టి, "బస్సుకి టైమైంది," అని వెళ్ళిపోయాడు.

మొదటిసారి వచ్చి వెళ్ళినప్పటి నుంచీ ఆయన దుకాణం ముందు బస్సు పోనిస్తూ ఒకసారి హారన్ కొట్టేవాడు. ఆ వారమంతా బస్సు మూగగా పోయింది. కోడలికి మిషన్ మీద మనసు నిలవలేదు. ఒక నర్సు జేబు మీద వంటవాడి పేరు కుట్టేసి, కూర్చుని విప్పదీసింది. "అనవసరంగా నోరు జారానా అత్తయ్యా?" అని అడిగితే అత్తగారు, "చెప్పేశావుగా. వండేసిన కూరకి ఉప్పు గురించి ఏడిస్తే ఏం లాభం," అంది.

తరవాతి సోమవారం బస్సు సరిగ్గా దుకాణం ముందే ఆగింది. డ్రైవరు దిగి, బస్సులో ఉన్నవాళ్ళని ఒక్క నిమిషం ఓపిక పట్టమని సైగ చేసి, ఒక పెద్దావిడని చెయ్యి పట్టుకుని దింపాడు. ఆవిడని గుమ్మంలో వదిలేసి మళ్ళీ బస్సెక్కి పోయాడు. చేతికర్ర, భుజానికి పెద్ద సంచీ, కళ్ళలో కాస్త అల్లరి. డ్రైవరు తల్లి అని చెప్పక్కర్లేదు, అదే ముక్కు.

"మా ఇంట్లో కత్తి పట్టుకుపోయింది నువ్వేనా?" అంది కోడలితో.

కోడలి మొహం పాలిపోయింది. పెద్దావిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

"భయపడకు. మావాడికి వారం నుంచీ తిండి సహించట్లేదు. అర్థం మారితే మనిషే మారిపోయినట్టు బెంగ పెట్టుకున్నాడు. నాకు మాత్రం ఎప్పటినుంచో అనుమానమే. మా మామగారికి బల్లిని చూస్తేనే గుండెదడ. అలాంటి వంశానికి రాజుగారు కత్తెందుకు ఇస్తాడు? బళ్ళో పిల్లలు పేరు వెక్కిరిస్తున్నారని, మనవణ్ణి ఊరుకోబెట్టడానికి ఆయనే అల్లిన కథ అది. సరే, ఆ రెండో అర్థమేంటో నీ నోటితో చెప్పు."

కోడలు నోరు తెరిచేలోపు అత్తగారు, మాటలు అర్థం కాకపోయినా సందర్భం కనిపెట్టేసి, ముందుకు వంగింది. పైపెదవికి రెండుపక్కలా వేళ్ళతో లేని మీసాన్ని మెలేస్తూ, "మీసం అమ్మా, మీసం. ఇదిగో ఇలా తిప్పేది," అంది.

పెద్దావిడ చేతికర్ర జారి కిందపడింది. ఎవరూ తియ్యలేదు.

"ఇంకోసారి అనమను," అంది.

"మీసం తిప్పడం," అంది అత్తగారు.

"మీసంతిప్పు," అంది పెద్దావిడ. ఒక్కటే మాటలా, యాస లేకుండా, అచ్చంగా అంది. వేళ్ళు వాటంతట అవే పెదవి మీదికి వెళ్ళాయి. "మా అత్తగారు అనేది ఇది. పిల్లలు పాలు తాగాక పెదవి మీద తెల్లగా అంటుకుంటుందే, అది తుడుస్తూ మీసంతిప్పు, మీసంతిప్పు అనేది. పిల్లలు కిలకిలా నవ్వేవాళ్ళు. నా పిల్లలకి నేనూ అన్నాను. వాళ్ళు వాళ్ళ పిల్లలకి అంటున్నారు. మూతి తుడవడానికి అదో మాట అనుకున్నాం."

కోడలు అది తెలుగులో చెప్పడం పూర్తయ్యేసరికి అత్తగారి కళ్ళు చెమర్చాయి. లేచి వెళ్ళి పెద్దావిడ పక్కన ఇంకో స్టూలు వేసుకుంది. ఆ పూటంతా ఇద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండానే కబుర్లు చెప్పుకున్నారు. నడుమ కోడలు ఎంబ్రాయిడరీ మిషన్‌కి ఫ్రేము బిగించుకుంటూ, అడిగినప్పుడల్లా ఒక మాట అందిస్తూ కూర్చుంది.

సాయంత్రం తల్లిని తీసుకెళ్ళడానికి డ్రైవరు వచ్చాడు. పెద్దావిడ కొడుకుని వంగమని, పెదవి మీద వేలు పెట్టి ఆ మాట అంది. ఏం జరిగిందో కోడలు వివరించింది. ఆయన భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"అయితే మా తాత కత్తి తెచ్చిపెట్టిన ఇంట్లోనే, మా అమ్మ తనకే తెలియకుండా మీసం దాచిందన్నమాట," అన్నాడు. "చొక్కాలకి టైముందా ఇంకా?"

టైముంది గానీ తగువులు కూడా ఉన్నాయి. మీసం పైకి తిరగాలా, కిందికి వాలాలా అని ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. ఆడపిల్లల చొక్కాల మీద మీసమేంటని కొందరు మూతి ముడిచారు. అత్తగారు ఆ ముక్క విని, "నేను యాభై ఏళ్ళ నుంచీ మీసాల వారి మనిషిని. నాకేమన్నా నామోషీ అయిందా?" అని అడగమంది. పెద్దావిడ తీర్పు చెప్పింది: అందరికీ ఉండాలి, పైకే తిరగాలి, నవ్వుతున్నట్టు కనబడాలి.

పుట్టినరోజు ఒక పెద్ద హాల్లో చేశారు. కోడలి భర్త ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వచ్చాడు. ఎటు చూసినా నల్లదారపు మీసాలే. డ్రైవరు కూతురు, లెక్కల టీచరు, ప్రొజెక్టరుతో గోడ మీద ఒక ప్రపంచపటం వెలిగించింది. ఆ ఇంటిపేరువాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఇంటర్నెట్‌లో వెదికి చుక్కలు పెట్టిందట. అత్తగారి దేశంలో చుక్కలు ఆవాలు ఒలికినట్టున్నాయి. ఈ దేశంలో ఒక గుత్తి. అక్కడక్కడా, మీసల, మెసాల్, మిజాల అని రకరకాల రాతలతో, చిన్న చిన్న గుంపులు. పటానికి పై అంచున మాత్రం, మంచు తప్ప ఏమీ ఉండదనిపించేచోట, ఒకే ఒక్క చుక్క.

"అంత దూరాన ఒక్కడే ఏం చేస్తున్నాడమ్మా పాపం?" అంది అత్తగారు. కోడలు ఆ మాట టీచరుని అడిగింది.

"పశువుల డాక్టరట. ఆసుపత్రి నంబరు దొరికింది," అంది టీచరు.

నంబరు దొరికాక ఊరుకునే మనుషులు కారు వాళ్ళు. ఫోను కలిపి స్పీకర్ పెట్టారు. అవతల కుక్క మొరుగుతోంది. "మీసాల," అన్నాడొక యువకుడు, శుభ్రంగా, దీర్ఘం పోకుండా. హాలంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. అత్తగారు ఫోను లాక్కుంది.

"నాయనా, నేను మీసాల వారి కోడల్ని. ఇక్కడ హాలు నిండా మీ దాయాదులున్నాం. నీకు మీసం ఉందా?"

అటువైపు అబ్బాయి గొంతు సవరించుకుని, "ఉందండీ. ఇక్కడి చలికి గడ్డం కూడా పెంచాను," అన్నాడు. "తెలుగు విని చాన్నాళ్ళయిందండీ. కాస్త మాట్లాడుతూ ఉండండి, ఫోను పెట్టెయ్యకండి."

"గడ్డం కూడానా? అయితే మా కోడలి తరఫున కూడా నువ్వు చుట్టానివే," అంది అత్తగారు. ఆ అబ్బాయి కుక్కకి కట్టుకట్టడం అయ్యేదాకా మాట్లాడి గానీ వదల్లేదు.

ఆ తరవాత దుకాణంలో ఒక కొత్త వ్యాపకం మొదలైంది. డ్రైవరు ఈ సంగతి తన డిపోలో అందరికీ చెప్పేదాకా ఊరుకోలేదు. ఓడల కాలంనాటి కుటుంబాలవాళ్ళు, పేరు తప్ప ఏమీ మిగలనివాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి అత్తగారి ముందు కూర్చోవడం మొదలుపెట్టారు. ఆవిడ బొత్తాలు కుడుతూనే అరిగిపోయిన పేర్లని పదిరకాలుగా పలికి చూసేది. తెలిస్తే చెప్పేది. తెలియకపోతే, "మనకి తట్టట్లేదు నాయనా," అని ఒప్పేసుకునేది. టిక్కెట్ల కౌంటరులో పనిచేసే ఒకాయన తన పేరు 'మేకల' అని తెలుసుకుని, ఆ మధ్యాహ్నమే ఒక కార్డు మీద మేకపిల్ల బొమ్మ గీయించుకు వచ్చాడు, జేబు మీద కుట్టమని.

ఇదంతా చూసి లాండ్రీ ఆయన కూడా ఒకరోజు వచ్చి స్టూలెక్కాడు. ఆయన ఓడల కుటుంబంవాడు కాదు, ఆ దేశస్థుడే. అయినా తన పేరుకీ అర్థం చెప్పమన్నాడు.

"మనది కాని పేరుకి మనం చెప్పకూడదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగమను," అంది అత్తగారు.

మర్నాడు ఆయన ఇస్త్రీ చేసిన బట్టల కట్ట చంకన పెట్టుకుని, తనలో తనే నవ్వుకుంటూ వచ్చాడు. రాత్రి తల్లికి ఫోన్ చేశాడట. వాళ్ళ పేరుకి అర్థం 'వంకరకాలువాడు' అని తేలిందట.

"ఇన్నేళ్ళూ అదేదో కొండ పేరు అనుకున్నాను," అన్నాడు. "మా అమ్మ అది చెప్పి ఊరుకోలేదు. ఆ వంకరకాలాయన పరుగుపందెంలో గెలిచిన కథ కూడా చెప్పింది. కూర్చోండి, చెప్తాను."

కోడలు మిషన్ ఆపింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, "ఏమంటున్నాడు?" అంది.