నీళ్ల రంగుతో కప్పిన నోరు

పొద్దున్న లేవగానే ఇంట్లో అందరూ తమ మొహాలు కడుక్కుంటే, చెరుపులమ్మ మాత్రం ముందు మేడమీదికెళ్లి బొమ్మల మొహాలు చూసేది. ఆ పేరు అన్నయ్య పెట్టింది. వేసినదానికంటే చెరిపిందే ఎక్కువని. గదిలో కాన్వాసులన్నీ వెనక్కి తిప్పి, గోడకి ఆనించి ఉండేవి. "తప్పుచేసిన పిల్లల్లా ఎలా నిలబెట్టిందో చూడండి, పాపం" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించి, అన్నయ్య తనే ముందు నవ్వేవాడు.

అలా తిప్పి పెట్టడానికి కారణం ఉంది. రాత్రంతా కంటపడని బొమ్మను పొద్దున్నే ఒక్కసారిగా ఇటు తిప్పితే, తప్పు తనంతట తనే ఎదురొచ్చి నిలబడుతుంది. ఆ మొదటి చూపులో దొరికితే దొరికినట్టు. కాసేపైతే కన్ను సర్దుకుపోయి ఆ తప్పుతోనే కాపురం చెయ్యడానికి అలవాటుపడుతుంది. అప్పటికీ దొరక్కపోతే బొమ్మకు వీపు పెట్టి, ఎదురుగోడ మీది అద్దంలోంచి చూసేది. కుడి ఎడమలు తారుమారై బొమ్మ పరాయివాళ్లదైపోతుంది. పరాయివాళ్ల తప్పులు కనబడనిది ఎవరికి?

దిద్దడంలోనూ ఆవిడకో పద్ధతి ఉండేది. ఆరిన నూనెరంగు మీద తిన్నగా చెయ్యి పెట్టేది కాదు. నీళ్ల రంగులో చుక్క సబ్బునీళ్లు కలిపి, కొత్త గీతను పైపైన వేసి చూసుకునేది. రెండు మూడు రోజులైనా ఆ గీత కళ్లకి నచ్చుతూనే ఉంటే, దాన్ని తుడిచేసి అదే చోట నూనెరంగుతో ఖాయం చేసేది. నచ్చకపోతే తడిగుడ్డతో ఒక్క తుడుపు. అడుగున ఉన్నది చెక్కుచెదరదు. ఈ పద్ధతితోనే బుట్టలోని ఉల్లిపాయల్లో ఒకటి మూడుసార్లు మాయమై మళ్లీ వచ్చింది. బస్టాండు బెంచీ నీడ కుడికి జరిగింది, ఎడమకి జరిగింది, చివరికి మొదట ఉన్నచోటికే చేరింది.

ఆ రోజు ఉల్లిపాయల్నీ బెంచీనీ తిప్పి చూసి, నాలుగైదు చోట్ల దిద్దింది. మూడో కాన్వాసు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి లాగినట్టయింది. అది వదిన బొమ్మ. సాయంత్రం వ్యాను రాబోయేది దానికోసమే. పొరుగూరి ఎగ్జిబిషన్‌లో తలుపు తియ్యగానే కనబడే గోడ దానికి ఇచ్చారు.

వదిన ఆ బొమ్మ కోసం ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుంది. వంటిల్లు సర్దేసి, చేతులు తుడుచుకుంటూ పైకొచ్చి, కిటికీ పక్కన పేము కుర్చీలో కూలబడేది. కాసేపు ఊరుకుంటే ఒట్టు. "ముక్కు కాస్త సన్నంగా వెయ్యవే. రంగు మిగులుతుంది నీకు" అనేది. "నీ ముక్కుకి రంగు మిగల్చాలంటే వేరే బొమ్మే మొదలుపెట్టాలి వదినా" అని ఆవిడ అంటే, వదిన తల వెనక్కి వాల్చి, నోరంతా తెరిచి నవ్వేది. పరాయివాళ్ల ముందు వదిన అలా నవ్వదు. చెయ్యి దానంతటదే లేచి నోటికి అడ్డం వస్తుంది. పైపళ్లు కట్టుడువి. ఎప్పుడో మెట్ల మీద జారిపడి పోగొట్టుకుంది. ఆ సంగతి ఇంటిగడప దాటనివ్వదు. ఈ మేడగదిలో మాత్రం ఆ చెయ్యి ఒళ్లోనే ఉండేది.

ఒక మధ్యాహ్నం వదిన బుగ్గ పట్టుకుని వచ్చింది. "చిగుళ్లు ఒరుసుకుపోయాయే. కాసేపు తీసి పెడతాను. ఇటు చూడకేం?"

"చూడనులే."

పళ్లు నీళ్లగ్లాసులో పడిన చప్పుడు వినబడింది. గ్లాసు కిటికీలో పెట్టి వదిన కుర్చీలో వెనక్కి వాలింది. కాసేపటికి గురక మొదలైంది. అప్పుడు చెరుపులమ్మ చూసింది. పైపెదవి లోపలికి ముడుచుకుపోయి, బుగ్గలు దిగి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పొద్దుటినుంచి రాత్రిదాకా ఇల్లంతటినీ మోసే ఆ మొహం బరువు దించేసి పడుకుంది. బొగ్గుముక్క ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆ తర్వాత వదిన చేతుల కోసం, జాకెట్టు మడతల కోసం కూర్చుంటూనే ఉంది. నోటిని మాత్రం చెరుపులమ్మ వదిన లేని పొద్దుటిపూటల్లో వేసుకుంది.

ఎగ్జిబిషన్ పెద్దాయన వచ్చిన రోజు వదిన బజారుకెళ్లింది. ఆయన మిగతా కాన్వాసుల్ని సంతలో కూరగాయలు చూసినట్టు చూసుకుంటూ వచ్చి, దీని ముందు ఆగిపోయాడు. "ఈ నోరుందే, దీనికోసమే నీకు ముందుగోడ ఇస్తున్నా. దాన్ని మాత్రం చెరపకు తల్లీ. నీ పేరు విన్నాను" అన్నాడు. ఎన్నేళ్లుగానో ఆ మాట కోసమే ఆవిడ మేడమెట్లు ఎక్కుతోంది.

తర్వాత నాలుగురోజులకి వదిన భోజనానికి పిలవడానికి పైకొచ్చి బొమ్మను చూసింది. ముందు నవ్వింది. "అమ్మో, నన్ను మీ నాయనమ్మని చేశావు కదే!" అంది. ఆ నవ్వు సగంలోనే ఆరిపోయింది. గొంతు తగ్గించి, "అన్నీ ఉండనీ. ఆ నోరొక్కటి తీసెయ్యవే" అంది.

"రేపు పొద్దున్నే తీసేస్తాను వదినా."

మర్నాడు పొద్దున చెరుపులమ్మ నూనెసీసా మూత తియ్యలేదు. మగ్గులో నీళ్లు తెచ్చుకుంది, సబ్బు చుక్క కలిపింది. మూసిన పెదవులు, చివర చిన్న నవ్వు, నిండైన బుగ్గలు వేసింది. అబద్ధాన్ని అంత శ్రద్ధగా ఆవిడ ఎప్పుడూ వెయ్యలేదు. వదిన పొంగిపోయింది. "ఇదీ నేనంటే!" అని, కిందికెళ్లి అన్నయ్యను చెయ్యిపట్టి లాక్కొచ్చి మరీ చూపించింది. పొరుగూళ్లో గోడకి తగిలించే ముందు తడిగుడ్డతో ఒక్క తుడుపు. వదిన ఊరు దాటేది కాదు, చూసేది కాదు. ఎవరికీ ఏ నష్టమూ లేదని చెరుపులమ్మ తనకి తాను చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ అద్దంవైపు చూడకుండా చెప్పుకుంది.

వ్యాను రాబోయే ఆ రోజు కూడా బొమ్మను ఒకసారి తిప్పి, వెంటనే కళ్లు దించుకుంది. చట్రానికి చెక్కబద్దలు కావాలని వడ్రంగి దగ్గరికి వెళ్లి, ఎండ వాలాక తిరిగొచ్చింది. మేడగది తలుపు బార్లా తెరిచి ఉంది. వదిన ఈజిల్ ముందు నిలబడి ఉంది. చేతిలో తడిగుడ్డ, గుడ్డకి గులాబీ మరక.

"నేను పాడుచేశానే," అంది వదిన. మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఊరెళ్లే బొమ్మ కదా, దుమ్ముతో పంపడమేంటని... మెల్లిగానే తుడిచానే. ఒట్టు. మెల్లిగానే. నీ కొత్తరంగు ఇంకా ఆరలేదో ఏమో, అంతా వచ్చేసింది. పాతదే మిగిలింది."

బొమ్మలో బోసినోరు తెరుచుకుని ఉంది.

"పర్లేదు వదినా" అంది చెరుపులమ్మ. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నోట్లోంచి వచ్చింది తనదేనా అనిపించింది. "మళ్లీ వేస్తాలే."

"ఏం పర్లేదే? వ్యాను వచ్చే వేళైంది! నెలల తరబడి పడ్డ కష్టం. నా చేతులు పడిపోనూ, ఎన్నడూ ముట్టుకోనిదాన్ని ఇవాళే ముట్టుకోవాలా?" వదిన గుడ్డను పిండుతూ ఉండిపోయింది. ఉన్నట్టుండి గబగబా వెళ్లి పేము కుర్చీలో కూర్చుని, నడుం నిటారుగా పెట్టింది. "ఇదిగో, కదలను. మాట్లాడను కూడా. చూసి వేసుకో. మీ అన్నయ్యకి చెప్పకు, జన్మంతా దెప్పుతారు."

అని పెదవులు మూసి, బొమ్మలో ఉండిన ఆ చిన్న నవ్వును గుర్తు చేసుకుని మరీ పెట్టుకుంది. కళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. నవ్వు మాత్రం చెదరనివ్వడం లేదు.

చెరుపులమ్మ బ్రష్ తీసుకుంది. అలవాటుకొద్దీ చెయ్యి నీళ్లమగ్గువైపే వెళ్లింది. తను చేసిన తప్పుకి వదిన గోడవైపు నిలబడినట్టుగా ఉంది. తల కొట్టేసినట్టయింది. బ్రష్ పక్కన పెట్టేసింది.

"అది ఆరకపోవడం కాదు వదినా. ఆరినా పోతుంది. పోయేలాగే వేశాను."

వదిన నవ్వు ఇంకా అలాగే ఉంది. "అంటే?"

"నీళ్ల రంగు. అక్కడికెళ్లాక తుడిచేద్దామని."

అప్పుడు నవ్వు పోయింది. వదిన బొమ్మవైపు చూసింది, గుడ్డవైపు చూసింది. తిడుతుందని చెరుపులమ్మ ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"ఎవరెవరు చూశారు?"

"ఎగ్జిబిషన్ ఆయన ఒక్కడే."

"మీ అన్నయ్య?"

"అన్నయ్య చూసింది నువ్వు చూపించిందే వదినా."

వదిన కిటికీకేసి తిరిగింది. "లైటు తీసేశాకే తీస్తానే నేను," అంది. "ఇన్నేళ్ల కాపురంలో ఆయన ముందు కూడా తియ్యలేదు. నీ దగ్గరే తీశాను. చూడనన్నావు కదా."

బొమ్మ ఎంత బాగా వచ్చిందో చెప్పాలనుకుంది చెరుపులమ్మ. ఆ నోట్లో తను అందమే చూశానని చెప్పాలనుకుంది. అదంతా నిజమే. ఆ నిజాన్ని ఇప్పుడు బయటపెడితే, అబద్ధం కంటే నీచంగా ఉంటుందని తెలిసి ఊరుకుంది. వదిన లేచి, మరకంటిన గుడ్డను జాగ్రత్తగా మడిచి కుర్చీ చేతిమీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

సాయంత్రం వ్యానులో వదిన బొమ్మకి బదులు బస్టాండు బెంచీ వెళ్లింది. మర్నాడు ఎగ్జిబిషన్ పెద్దాయన ఫోన్ చేసి గట్టిగానే అరిచాడు. "ఆ నోరెక్కడమ్మా? ఈ బెంచీ మీద ఎవర్ని కూర్చోబెట్టుకోమంటావు నన్ను?" ముందుగోడ ఇంకెవరికో ఇచ్చేశానని కూడా చెప్పాడు. "ఆ బొమ్మ ఇంకా అవలేదండీ" అంది చెరుపులమ్మ. ఫోన్ పెట్టేసి కత్తి తీసుకుంది.

ఆరిన నూనెరంగు ఊరికే రాదు. పొరలుపొరలుగా గీకింది, గరుకుకాగితంతో రుద్దింది, దారాలు కనబడేదాకా రుద్దింది. ఈసారి నూనెసీసా మూత తీసింది. మూసిన పెదవులు, నిండైన బుగ్గలు వేసింది. పొద్దున్నే తిప్పి చూస్తే మొదటి చూపులోనే తెలిసిపోయేది, ఆ నోటికీ ఆ మొహానికీ చుట్టరికం లేదని. అయినా అడుగున ఇప్పుడేమీ లేదు. దిద్దింది, మళ్లీ దిద్దింది. పెదవుల చివరి నవ్వు ఎంతకీ కుదరకపోతే దాన్ని తీసేసింది.

పూర్తయ్యాక వదినను పిలిచింది. ఈమధ్య వదిన మాటలన్నీ "అన్నం పెట్టాను", "పాలు పొంగాయి" దగ్గరే ఆగిపోతున్నాయి. పిలవగానే మాత్రం వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. చెరుపులమ్మ తిన్నగా చూసే మొహం లేక, బొమ్మకు వీపు పెట్టి అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది.

"బాగుంది," అంది వదిన. "మూతి కుదిరింది."

"ముక్కు మాత్రం ఇంతే వదినా. రంగు అయిపోయింది."

వదినకు నవ్వు వచ్చింది. నిజంగానే వచ్చింది, ఆపుకోలేకపోయింది. భుజాలు కదిలాయి, తల వెనక్కి వాలింది. అంతలో చెయ్యి లేచి నోటికి అడ్డం పడింది.

అద్దంలో చెరుపులమ్మ కళ్లు దించుకుంది. ఆ చెయ్యి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ అటు చూడకుండా, వెనక్కి తిరగకుండా నిలబడింది.