అమ్మ చేతుల లెక్క

కొబ్బరి కోరుతుంటే ఫోను మోగింది. కొత్తపేట అత్తగారింటికి సెలవు మీద వచ్చి మూడు రోజులైంది, ఆఫీసు నుంచి ఇది నాలుగోసారి. కనకమహాలక్ష్మి చెయ్యి కొంగుకి తుడుచుకుని ఎత్తింది.

"ఆ తల్లి చేతులు మార్చేవటమ్మా? పాతవే ఉంచెయ్యి. సోమవారం రిపోర్టు వెళ్లాలి," అన్నారు బెంగళూరు నుంచి మేనేజరు వరప్రసాదం గారు.

విమానాన్ని కంప్యూటర్లో కూల్చి, సీటూ అందులో మనిషీ ఏమవుతారో చూడడం ఆమె ఉద్యోగం. ఈసారి తల్లి ఒళ్లో పాప. ఆ లెక్కలో సీటు విరుగుతుంది, బెల్టు సాగుతుంది, పక్క సీట్లో మగమనిషి బొమ్మ మెడ వాలిపోతుంది. తల్లి చేతులు మాత్రం ఎంత బరువు పడినా ఊడకుండా బిగించి పెట్టారు, ఆమెకి ముందు ఆ పని చేసిన మహానుభావులు. ఎందుకండీ అని అడిగితే, "అమ్మ కదమ్మా, వదలదు," అన్నారు వరప్రసాదం గారు. ఆమె మామూలు ఆడమనిషికుండే బలమే ఇచ్చి ఆ లెక్క మళ్లీ నడిపింది. ఆ కుదుపులో తొమ్మిది కిలోల పాప నూట నలభై నాలుగు కిలోల బరువై లాగింది, దాదాపు డెబ్బై అయిదు కిలోల బియ్యం బస్తాలు రెండు. పాప జారి ముందు సీటుకి కొట్టుకుంది. పదిసార్లు నడిపినా అంతే. రేపు ఎక్కడైనా నిజంగా జారిపోతే తల్లి సరిగ్గా పట్టుకోలేదంటారు. ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"కాసేపట్లో మళ్లీ ఫోను చేస్తానండి," అని పెట్టేసింది.

బయట కారులోంచి భర్త హారను కొట్టాడు. కాట్రేనికోనలో ఆడపడుచు ఇంట భోజనాలు. ముందు సీట్లో మామగారు, వెనక ఒక పక్క అత్తగారు వెంకటరమణమ్మ, రెండో పక్క పూతరేకుల పెట్టె. మధ్యలో ఆమె కూర్చోవాలి, ఒళ్లో పది నెలల కావ్యతో. తన జీతంతో కొన్న పిల్లల కారు సీటు అటకెక్కింది. అది పెడితే పూతరేకులకి చోటుండదట.

ఆమె అటకెక్కి సీటు దించి తెచ్చింది.

"మళ్లీ అదెందుకు? తల్లి ఒళ్లో ఉంటే పిల్లకేవవుద్ది? గట్టిగా పట్టుకుంటే చాలు," అన్నాడు భర్త దుర్గాశ్రీనివాస్.

"అయితే మీరు పట్టుకోండి. నేను నడుపుతాను."

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి పాప వంక చూశాడు. "నా చేతుల్లో ఆగదు, జారిపోద్ది."

"వాడి వల్లెక్కడవుద్దమ్మా, మగాడు," అంది అత్తగారు. మామగారు "ఆయ్, నిజవే," అన్నారు.

అతని చేతులు వదిలేస్తాయంటే ఆ ఇంట్లో ఎవరికీ రుజువు అక్కర్లేకపోయింది.

ఆమె లోపలికెళ్లి బెంగళూరుకి ఫోను చేసింది. "ఆ చేతులు వదిలేస్తాయండి. నా పేరు మీద వెళ్లే రిపోర్టులో అదే ఉంటుంది. కాదంటే మీ పేరు మీద పంపుకోండి." ఫోను పెట్టేసింది.

వచ్చి పెట్టె పక్కకి తీసి, అక్కడ సీటు బిగించి, కావ్యని కూర్చోబెట్టి, బెల్టు పెట్టింది. ఆ పూతరేకుల పెట్టె మామగారి ఒళ్లో పెట్టింది.

"గట్టిగా పట్టుకోండి మావయ్యగారూ," అంది.