పీకేసిన పాలకూర మడి

సమత పాపకు నీళ్ళు పోసి, నిద్రపుచ్చి పెరట్లోకి వచ్చేసరికి పాలకూర మడి లేదు. వేళ్ళతో సహా పీకిన మొక్కలు గోడ పక్కన కుప్పగా పడి ఉన్నాయి. భర్త ప్రశాంత్ చేతులకంటిన మట్టి దులుపుకుంటున్నాడు.

“ఏం చేసినవ్?”

“డాక్టర్ బంద్ జేయమన్నడు గద. ఉంటే నువ్వు ఒండుతనే ఉంటవ్.”

ముందురోజు పొద్దున మామ నర్సింహకు నడుములో నొప్పి లేచి మెలికలు తిరిగిపోయాడు. ప్రశాంత్, అత్త సుగుణమ్మ ఆయన్ని చేవెళ్ల నుంచి కార్లో మొయినాబాద్ దవాఖానకు తీసుకుపోయారు. కిడ్నీలో రాయి ఉంది, చిన్నదే, మందులతో పోతుందని చెప్పి పంపించారు. ఆ కబురు విని సాయంత్రానికి ఆయన చెల్లెలు నీలమ్మ కొండకల్ నుంచి వచ్చింది.

చెప్పులు విడుస్తూనే అడిగింది, “అన్న ఏం తింటుండె?”

“ఏమున్నది, పాలకూర టమాట. దినాం తప్పి దినాం గదే,” అన్నాడు ప్రశాంత్.

“ఇగ రాళ్ళు రాక ఏమొస్తయ్ రా! ఆ రెండు కలిపి ఒండద్దని గీ పిల్లకు ఎవ్వలు చెప్పలేదా? తన ఒంట్ల రక్తం కోసం మామ కడుపుల రాళ్ళు పోసింది.”

ఆవిడ కోసమే చాయ్ పెడుతూ వంటింట్లో నిలబడి సమత ఆ మాట విన్నది. అత్త ఏమైనా అంటుందేమోనని చెవులు రిక్కించింది. సుగుణమ్మ గొంతు వినబడలేదు. గిన్నెలో చాయ్ పొంగి పొయ్యి మీద పడింది.

కాన్పు తర్వాత సమతకు రక్తం బాగా తగ్గిపోయింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగేవి. మాత్రలు వేసుకుంటూనే ఆకుకూరలు బాగా తినాలని సర్కారు దవాఖానలో నర్సు మేరీ చెప్పింది. పాపను చంకనేసుకుని ఆ మడి కట్టింది సమతే. పాలకూరతో ఒకరోజు పప్పు, ఒకరోజు ఎల్లిపాయ కారం వేసి వేపుడు, ఒక్కోసారి ఆకు నూరి చపాతీ పిండిలో కలిపేది. టమాట వేయమన్నది మాత్రం అత్తే. పులుపు లేనిదే మీ మామకు ముద్ద దిగదని.

ఇప్పుడు ఆ కుప్ప ముందు నిలబడితే సమతకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. మొక్కలన్నీ గంపలోకెత్తి లోపలికి తెచ్చింది. కత్తిపీట ముందేసుకుని వేళ్ళు కోసేసింది. మట్టి పోయేదాకా ఆకు కడిగి, పెసరపప్పుతో ఉడకబెట్టి, ఎండుమిరపకాయలు, ఎల్లిపాయలు వేసి పోపు పెట్టింది. అన్నం తనకొక్కదానికే వండింది.

కంచం పట్టుకుని ముందుగదిలోకి పోయి, మామ పడుకున్న మంచానికెదురుగా నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది.

నీలమ్మ నోరు నొక్కుకుంది. “ఎంత మిడిసిపాటే నీకు! మామ నొప్పితోని పండుకుంటె ఆయన ముంగటనే అదే కూర తింటవా?”

“తింట చిన్నత్తమ్మ. నాకు రాళ్ళు లేవు. రక్తం లేదు.”

“మాకు బువ్వ?” అన్నాడు ప్రశాంత్.

“నా చేతి వంట తింటె రోగాలొస్తయ్ గద. నాకెందుకు ఆ పాపం? మీరే ఒండుకోండ్రి.” ముద్ద మింగి సమత అతని ముఖంలోకి చూసింది. “డాక్టర్ పాలకూర ఒక్కటే బంద్ జేయమన్నడా? ఒట్టేసి చెప్పు.”

ప్రశాంత్ ఫోన్‌లోకి చూశాడు.

“ఒక్కటే అనలే.”

ఆ మాట వంటింటి గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. సుగుణమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. “ముందుగాల నీళ్ళు తాగాలె అన్నడు. ఈయన గండిపేటల ప్లాట్లు అమ్ముత అనుకుంట పొద్దుందాక కార్ల తిరుగుతడు, చుక్క నీళ్ళు ముట్టడు. ఉప్పు తగ్గియ్యాలె, మాంసం తగ్గియ్యాలె అన్నడు. అన్నిటికంటె ఎనక పాలకూర పేరు చెప్పిండు. అది గూడ ఈయనకే వద్దన్నడు, ఇంటిల్లిపాదికి కాదు. టమాట ఎయ్యమన్నది నేను.”

“సుగుణా, ఇగ ఊకో!” నర్సింహ మంచం మీంచి గద్దించాడు.

“నిన్న ఊకున్నందుకే గిదంత అయ్యింది.”

అత్త నోరు విప్పినందుకు సమత చల్లబడలేదు. కంచం పక్కన పెట్టి లేచింది. “నిన్న ఎందుకు చెప్పలే అత్తమ్మా? మీరు ఒక్క మాట అంటరేమో అని చూసిన.”

సుగుణమ్మ కొంగు నలిపింది. “ఆడిబిడ్డ ముంగట మొగని తప్పు ఎట్ల చెప్పాలె బిడ్డా అనుకున్న.”

“మరి నాది కాని తప్పు నా మీద ఎట్ల ఎయ్యనిచ్చిండ్రు?”

సుగుణమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి భర్త చేతిలో పెట్టింది. తాగేదాకా అక్కడే నిలబడింది. ఇంట్లో మర్యాద లేదని సణుగుతూ నీలమ్మ బస్సు వేళకు వెళ్ళిపోయింది.

పొద్దు వాలాక ప్రశాంత్ బజారు నుంచి రెండు పాలకూర కట్టలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు.

“నీకే తెచ్చిన.”

“నువ్వే ఒండు,” అంది సమత, పాపకు ఉగ్గు పెడుతూ.

అతను కత్తి తీసుకున్నాడు. నూనె ఎంత, మిర్చి ఎప్పుడు వేయాలి అని అడిగినప్పుడల్లా ఆమె తల తిప్పకుండానే చెప్పింది. ఉప్పు సంగతి అతను అడగలేదు. గిన్నె నిండా ఉన్న ఆకును చూసి దానికి తగ్గట్టు వేశాడు. ఆకు మగ్గి గుప్పెడైంది.

వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. సమత ఒక ముద్ద తిన్నది. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పు.

“సారీ,” అన్నాడు మెల్లగా.

“ఉప్పెక్కువైందనా?”

“కాదు. ఉప్పుకు గాదు.”

సమత ఇంకొంచెం అన్నం పెట్టుకుని ఆ కూరలో కలుపుకుంది.