శంకరమ్మ పేరు పక్కన ముళ్ళకంచె

గీ ముళ్ళకంచె ఏంది, శంకరమ్మ పేరు పక్కన్నే ఎందుకు మొలిచింది, అని లెక్కలు రాసే వినోద ముక్కు కంప్యూటర్ తెరకు ఆనేంత వంగింది, గీ నెలనే కొత్తగ పెట్టిన హాజరు పట్టీల, మొక్కల నర్సరీల పనిచేసే ఆడోళ్ళందరికి ఎవరెంత లేటుగ వచ్చిన్రో ముద్దుగ పడ్డది, సుశీల అయిదు నిమిషాలు, దుర్గాబాయి పన్నెండు, శంకరమ్మకు మాత్రం నెలంత ##### తప్ప ఒక్క అంకె లేదు, పొద్దున ఓనర్ ఫణిభూషణ్ సార్ అది చూసిండు, టైం సక్కగ లేనోళ్ళు మనకొద్దు, పన్నెండింటిలోపు ఆ పేరు తీసేసి పంపమ్మా అన్నడు, తీసేస్తె అయిపాయె, కని ఎందుకట్లయిందో తెల్వకపోతె వినోదకు అన్నం సయించదు, చిన్నప్పుడు గోడ గడియారం ఊడదీసి మళ్ళ బిగియ్యరాక నాయినతోని వీపు పగలగొట్టించుకున్న రకం, అయ్యో శంకరమ్మకు గీ పని పోతె ఈ వయసుల ఎవరు పెట్టుకుంటరు, గడి ఇరుకైందేమోనని వెడల్పు జేసింది, ముళ్ళు గూడ వెడల్పయినయ్, ఓసి నీ కంప్యూటర్ పాడుగాను, ఇగ సెట్టింగులల్ల తేదీలను 1904 నుంచి లెక్కబెట్టే టిక్కు ఒకటుంటది గద, కొట్టింది, హమ్మయ్య ముళ్ళు పోయినయ్, అంకెలొచ్చినయ్, కని పక్కనే పనిల చేరిన తేదీలన్నీ నాలుగేండ్లు ముందలికి దుంకినయ్, నిరుడు చేరిన సుశీల ఇంకా రాని ఏడాదిల చేరింది, జల్దీ టిక్కు తీసేసింది, ముళ్ళు మళ్ళొచ్చినయ్, కని ఆ అంకెలల్ల కండ్లవడ్డది పోతదా, మైనస్ నలభై, లేటు మైనస్ నలభై అంటె ఏంది మరి.

వచ్చిన టైంల నుంచి తొమ్మిది తీసేస్తెనే గద లేటు, తొమ్మిదికంటె ముందొస్తె సున్నా కిందికి పోతది, సున్నా కింది టైం గీ పట్టీకి రాయరాదు, గంతే, ముందొస్తె తిరగేసి, తొమ్మిదిల నుంచి వచ్చిన టైం తీసెయ్, మైనస్ గీత ముందల నువ్వే పెట్టు, అని సూత్రం రాసింది, నలభై, ముప్పై ఎనిమిది, నలభై రెండు, రోజూ ముందే, ఎందుకు, కిటికీలకెల్లి అడిగింది, ఏమత్తా, ఎనిమిదీ ఇరవైకే వచ్చి ఏం జేస్తవ్, గ్రీన్‌నెట్ కింద ట్రేలు నింపుతున్న శంకరమ్మ తలెత్తలే, కొబ్బరిపొట్టు నానొద్దా బిడ్డా, ఎండుపొట్టుల ఇత్తులేస్తె నారు లేస్తదా, అందుకే లాల్‌గడి మలక్‌పేట్ నుంచి మొదటి ఆటోకే వస్త, అన్నది.

వినోద పట్టీ పంపింది, శంకరమ్మ పేరు తియ్యలే, పొద్దుగాల వచ్చి పొట్టు నానబెట్టేది ఈమెనే సార్ అని కింద రాసింది, రాసినంక చేతులాగినయ్, రెండేండ్ల సంది తొమ్మిదింటికి వచ్చేసరికి పొట్టు నానే ఉంటాంది, బస్తాలల్ల తడిగనే వస్తదనుకుంది తను, పట్టీకి గీ నెలనే కనపడలే, తనకు రెండేండ్ల సంది కనపడలే.