గ్రహణం పూట కాఫీ

కాఫీ చల్లారనీ, ఇప్పుడు తాగకపోతే కొంప మునిగేదేముంది, విడిచాక వేడి చేసుకోవచ్చు, కిటికీ తెర ఇంకొంచెం కిందికి లాగాలి, ఆ సందులోంచి గ్రహణపు వెలుతురు బల్ల మీదికి పాకుతోంది, పలచగా, నీళ్ళు కలిపిన పాలలా, కింద పచ్చికలో జనం హోరు, కాలేజీకి విరాళాలిచ్చే పెద్దలు నల్లద్దాలు పెట్టుకుని, వాళ్ళ మధ్య టెలిస్కోప్ పక్కన టియానా, నేను వేసుకోమన్న నీలిరాళ్ళ హారం వేసుకునే ఉంటుంది, సరుకు బాగా కనబడాలి కదా, మా అమ్మ గ్యాలప్ సంతలో గొర్రెల్ని అమ్మేటప్పుడు ముందు ఉన్ని దువ్వేది, తర్వాతే బేరం, నా ఉద్యోగమూ అదే, మా నవాహో ఆదివాసుల ఊళ్ళు తిరిగి లెక్కల్లో చురుకైన పిల్లల్ని ఏరి ఈ ఇంజనీరింగ్ కాలేజీకి తేవడం, మా దగ్గర అన్ని జాతుల పిల్లలూ చదువుతున్నారని చెప్పుకోవడానికి కాలేజీ వాళ్ళకి మొహాలు కావాలి, ఎంతమంది వచ్చారని డీన్ ఏటా అడుగుతాడు, ఎంతమంది మిగిలారని ఒక్కసారీ అడగలేదు, అడగనిది నేనెందుకు చెప్తాను, నిన్న ఈ బల్ల ముందే నిలబడి, పిన్నీ, అంది టియానా, తల్లుల వైపు వంశం ఒకటే కాబట్టి మొదటి రోజు నుంచీ అదే పిలుపు, రేపు నేను బయటికి రాను పిన్నీ, సూర్యుడు చచ్చి పుట్టే వేళ చూడకూడదు, తినకూడదు, తాగకూడదు, లోపల కూర్చోవాలి, అమ్మమ్మ ఊరుకోదు, నీకు తెలీదా, ఎందుకు తెలీదు, మా అమ్మా అదే చెప్పేది, అయినా అన్నాను, అమ్మమ్మ మాట కాస్త పక్కన పెట్టు తల్లీ, రేపు టెలిస్కోప్ చూపించేది ప్రొఫెసర్ హాల్వర్సనే, ఆయన దగ్గర వేసవి పరిశోధనకి ఖాళీ ఒక్కటే ఉంది, అది దొరికితే పై చదువు దొరికినట్టే, సూర్యుడు కాసేపట్లో తిరిగొస్తాడు, ఖాళీ తిరిగి రాదు, ఎంత బాగా అన్నానో, నాకే ముచ్చటేసింది, ఆ పిల్ల, నువ్వూ వస్తావా పిన్నీ, అంది, ఎందుకు రానూ, ముందు వరసలోనే ఉంటాను, అన్నాను, పొద్దున తలనొప్పి వచ్చింది, నిజంగానే వచ్చింది, వచ్చింది కాబట్టే తలుపేసుకున్నాను.

చప్పట్లు, విడిచినట్టుంది, మెట్ల మీద అడుగులు, తలుపు తోసుకుని టియానా, హారం తీసి చేత్తో పట్టుకుంది, ఫోటో బాగా వచ్చిందట పిన్నీ, కాలేజీ ప్రచార పుస్తకం అట్ట మీద వేస్తారట, మరి ఖాళీ సంగతి, అన్నాను, టెలిస్కోప్ గొట్టానికి కన్ను ఆనించాను గానీ మూసుకున్నాను పిన్నీ, ఫోటోలో తెలీదులే, ప్రొఫెసరే అడిగాడు, ఏం కనబడింది, సూర్యుడి చుట్టూ మిగిలిన వెలుగు ఉంగరం ఎంత మందంగా ఉంది అని, చెప్పలేకపోయాను, చూడ్డానికే ఇష్టం లేని మనిషికి నా ల్యాబులో పనేముందని అందరి ముందూ నవ్వి, పక్కనున్న మేగన్ అనే అమ్మాయికి అక్కడే మాటిచ్చేశాడు, అంది టియానా, ఏడవలేదు, ఏడిస్తే ఓదార్చడం నాకు తెలిసిన పనే, దించిన తెరని చూసింది, కప్పుని చూసింది, అంచుదాకా కాఫీ, పైన మీగడ కట్టి, తలనొప్పికి కాఫీ మంచిదంటారు కదా పిన్నీ, తాగలేదేం, అంది, హారం చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అన్నీ వదులుకునే ఇంత దూరం వచ్చానని ఇన్నేళ్ళుగా చెప్పుకు తిరిగాను, అదే చెప్పి ఈ పిల్లల్ని తెచ్చాను, ఇప్పుడు చూసుకుంటే నాది ఒక్కటీ పోలేదు, తెర, కప్పు, అమ్మ చెప్పిన మాట, అన్నీ భద్రంగా నా దగ్గరే ఉన్నాయి, బేరంలో పెట్టినవన్నీ ఈ పిల్లలవే.