కళ్లం గురించి మర్యాదగా ఒక విన్నపం

సోమవారం పొద్దున తహశీల్దారు ఆఫీసులో ఖాజావలికి ఒక కవరిచ్చి, ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు. అతను కళ్లజోడు సర్దుకుని సంతకం పెట్టి, పక్కన ఎం.ఏ., బి.ఇడి. అని రాసి, తేదీ వేసి, కింద ఒక గీత కూడా గీశాడు. గుమాస్తా ఆ గీత వంక ఒకసారి చూసి రిజిస్టరు మూశాడు. ఊరు మొత్తం తన తరఫున మాట్లాడమని పంపిన మనిషి గీత గీయకుండా ఎలా ఉంటాడని ఖాజావలి ఉద్దేశం.

పంపడానికి పెద్ద పోటీ ఏమీ జరగలేదు. ఊళ్ళో మొదట డిగ్రీ చదివింది అతనే. దూది ఏకి పరుపులు కుట్టే గఫూర్ కొడుకు చిలకలూరిపేటలో తెలుగు లెక్చరర్ అయ్యాక, పింఛన్ల దగ్గర్నుంచి కరెంటు స్తంభం దాకా ఊరి అర్జీలన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళేవి. వాటిలో సగానికి పైగా పనయ్యేవి కావు. అందులో అర్జీల తప్పేమైనా ఉందేమోనని అతనికి ఏనాడూ అనుమానం రాలేదు.

ఈసారి గొడవ కళ్లం గురించి. ఊరికి తూర్పున మూడున్నర ఎకరాల గట్టి నేల అది. మాఘం వస్తే ఊరి మిరపకాయంతా అక్కడే ఎండేది. రెవెన్యూ పుస్తకంలోనూ దాన్ని కళ్లమనే రాశారు, ఫలానా వాళ్ళదని ఎవరి పేరూ రాయలేదు. పక్కన యూనివర్సిటీ వచ్చాక, ఏడాదిలో మిగతా కాలమంతా అక్కడ విద్యార్థులు ఆడుకునేవారు, కాయ వచ్చినప్పుడు తప్పుకునేవారు. మూడేళ్ళ కిందట ఆ నేలలో సగం మీద యూనివర్సిటీ వాళ్ళు ఇండోర్ స్టేడియం లేపారు. ఊరు నాలుగు రోజులు గొణిగి, మిగిలిన సగంలో సర్దుకుంది. ఈ ఏడు ఆ సగం చుట్టూ కూడా ప్రహరీ కట్టాలని పునాది తవ్వించారు. తవ్విన రోజే కోటిరత్నం వెళ్ళి ఆ గోతిలో కూర్చుంది.

కోటిరత్నం నాలుగెకరాల మిర్చి రైతు. అరవై దాటిన మనిషి. భర్త బుల్లయ్య పోయి రెండేళ్ళయింది. లేవమంటే లేవలేదు, అన్నం కూడా గోతిలోకే తెప్పించుకుంది. దాంతో పని ఆగి, గురువారం విచారణ అని తహశీల్దారు నోటీసు వచ్చింది. పది రోజుల్లో మొదటి కోత. కళ్లం దక్కకపోతే కాయను తారు రోడ్డు మీద పోయాలి, లారీలు తొక్కగా మిగిలింది గుంటూరు యార్డుకి పంపాలి.

ఆ నేల తమకు అప్పగించినట్టు యూనివర్సిటీ దగ్గర కాగితం ఏదీ లేదని ఖాజావలి ముందే కనుక్కున్నాడు. ఆ ధైర్యంతోనే బస్టాండులో నిలబడి, వాళ్ళు దాఖలు చేసినదేమిటో చూద్దామని కవరు చింపాడు. లోపల ఒక్కటే జిరాక్స్ కాగితం. చదవకముందే ఆ చేతిరాత అతనికి నచ్చింది. గుండ్రటి అక్షరాలు, తిన్నని వరసలు. ఎవరో బాగా చదువుకున్నవాడు రాసినట్టుందే అనుకున్నాడు. రెండో వాక్యానికి వచ్చేసరికి తెలిసింది, ఆ చదువుకున్నవాడు తనే.

"మహారాజశ్రీ రిజిస్ట్రారు గారి దివ్యసముఖమునకు గ్రామ రైతులు సవినయముగా వ్రాసుకొను విన్నపము. అయ్యా! విద్యాకుసుమములు విరబూయు తమ ప్రాంగణమున, తమకు చెందిన క్రీడాస్థలమునందు, మా మిరపకాయలను నలుబది దినములు ఎండబెట్టుకొనుటకు తమరు దయతో అనుమతి నొసంగిన యెడల ఆజన్మాంతము తమకు కృతజ్ఞులమై యుందుము."

కింద నలభై ఒక్క వేలిముద్రలూ సంతకాలూ. మొదటి వేలిముద్ర అతని తండ్రి గఫూర్‌ది.

పదమూడేళ్ళ కిందటి మాట అది. అప్పుడు ఖాజావలి డిగ్రీ రెండో సంవత్సరం. ఆ ఏడు కుర్రాళ్ళు ఎండుకాయ మీదికి బంతులు కొడుతున్నారని బుల్లయ్య మండిపడి, కాగితం రాయమని అతని దగ్గరికి వచ్చాడు. బుల్లయ్య చెప్పింది ఖాజావలికి ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తుంది.

"రాయరా ఖాజా. మా కళ్లంలో మేం కాయ పోసుకున్నాం. నలభై రోజులు మీ పిల్లకాయల్ని అటు రావొద్దనండి. అంతే."

అంతేనని బుల్లయ్య అన్నాడు కానీ, డిగ్రీ చదువుతున్న కుర్రాడికి అంతే ఎలా సరిపోతుంది? లేఖారచన అనే పాఠం అతను అప్పుడే కొత్తగా చదివాడు. పెద్దలకు రాసేటప్పుడు ఎదుటివారిని ఎత్తాలి, మనం తగ్గాలి అని అందులో ఉంది. అతను ఎత్తాడు, తగ్గాడు. ఆ ఎత్తడంలో కళ్లం కాస్తా క్రీడాస్థలమై, మాది కాస్తా తమదై అవతలికి వెళ్ళిపోయింది. రచ్చబండ మీద నిలబడి గొంతు సవరించుకుని చదివి వినిపిస్తే, నలభై మందీ ఒక్క ముక్క అర్థం కాక గౌరవంగా తలలూపారు. బుల్లయ్య ఒక్కడే అడిగాడు.

"నేను చెప్పిందే రాశావుగా?"

"అదే మామా. కాస్త మర్యాదగా."

అప్పట్లో ఇంటర్ తప్పిన వాడొకడు ఊళ్ళో ఉండి, వాడితో రాయించి ఉంటే ఈపాటికి కళ్లం దక్కేదని ఖాజావలికి బస్సులో తోచింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత మూడు రోజులూ అతను చేసిన పని చెప్పుకుంటే సిగ్గుచేటు. కవరులో ఏముందని అడిగిన వాళ్ళందరికీ ఏదో పాత కాగితమని చెప్పాడు. అది అబద్ధం కాదని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. కాగితం మీద రాసినవాడి పేరు లేదు కాబట్టి ఎవరికీ తెలియదని ధైర్యం తెచ్చుకున్నాడు. అప్పటికీ గుండె కుదుటపడక, చేతిరాత మార్చి రాయడం ప్రాక్టీసు చేశాడు. అక్షరాలు ఎటు వంచినా గుండ్రంగానే వచ్చాయి. అది చూసి తల్లి ఫాతిమా, పిల్లలకు కాపీలు దిద్దుతున్నావా నాయనా అని అడిగి, చాయ్ ఇచ్చి వెళ్ళింది.

గురువారం విచారణకు ఊరి నుంచి ఎనిమిది మంది రెండు ఆటోల్లో వెళ్ళారు. తహశీల్దారు తేజశ్రీ ముప్పై ఏళ్ళ మనిషి. ఫైలు ముందే చదువుకుని వచ్చినట్టుంది, సోది లేకుండా విషయంలోకి దిగింది. యూనివర్సిటీ తరఫున ఎస్టేట్ ఆఫీసరు ప్రేమ్‌చంద్ వచ్చాడు. ఆయన వాదన చాలా చిన్నది. ఈ స్థలం మా క్రీడాస్థలమని ఊరివాళ్ళే రాసిచ్చారు, చిత్తగించండి. ఆ మాట చెప్పి ఆయన కాగితం పైకి చదివాడు. బాగా చదివాడు. కుసుమముల దగ్గర గొంతు కూడా కాస్త పలికించాడు. తన వాక్యం అంత బాగా చదివినవాణ్ణి ఖాజావలి అంతకుముందు చూడలేదు, అక్కడే చచ్చిపోవాలనిపించింది.

"ఇది రాసిందెవరు?" అంది తేజశ్రీ.

ఖాజావలి ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు, మూడే ఉన్నాయి. అంతకుమించి లెక్కపెట్టేందుకు గదిలో ఏమీ దొరకలేదు. ఆ కాగితం కింద మొదట తన తండ్రి వేలిముద్రే ఉంది. ఏం రాసిందో తెలియక, కొడుకు రాశాడు కదా అని వేసిన వేలు. అతను లేచి నిలబడ్డాడు.

"నేనండి. నేనే రాశాను మేడమ్. వాళ్ళు చెప్పింది ఇది కాదు."

బుల్లయ్య ఏం చెప్పాడో చెప్పాడు, తను ఏం రాశాడో చెప్పాడు, లేఖారచన పాఠం గురించి కూడా చెప్పాడు. ఊరికి తను చేసిన ద్రోహమిదని చెప్పి, తిట్టించుకోవడానికి సిద్ధపడి, వెనక్కి తిరిగి ఊరివాళ్ళ వంక చూశాడు.

వాళ్ళు నవ్వుకుంటున్నారు.

"ఇందుకా మూడు రోజుల్నించి మొహం మాడ్చుకు తిరుగుతున్నావు?" అంది కోటిరత్నం. "నువ్వు కాక ఎవరు రాస్తారురా? అప్పుడు మన ఊళ్ళో పెన్ను పట్టినవాడివి నువ్వొక్కడివేగా."

"నీకు తెలుసా అత్తా?"

"చదివి వినిపించావుగా. ఏంది వీడు, పూలంటాడు, పాదాలంటాడు అనుకున్నాం. మీ మామ అయితే ఇంటికొచ్చి, కుర్రోడు మనసు పడి రాసుకున్నాడులే, ఏమనొద్దన్నాడు."

కాగితంలో పాదాలనే మాట ఎక్కడా లేదని ఖాజావలి నోటి దాకా వచ్చింది. మింగేశాడు.

ప్రేమ్‌చంద్ మాత్రం వదల్లేదు. ఇప్పుడు ఏం చెప్పినా నోటిమాటే, మా దగ్గరున్నది రాతకాగితం అన్నాడు. తేజశ్రీ ఒక తెల్లకాగితం బల్ల మీదుగా ఖాజావలి ముందుకు జరిపింది.

"అయితే మీరూ రాసివ్వండి. ఆ రోజు వాళ్ళు చెప్పిన మాటలు, చెప్పినట్టు."

ఖాజావలి కూర్చుని పెన్ను మూత తీశాడు. తీయగానే అలవాటు కొద్దీ మ అనే అక్షరం పడింది. మహారాజశ్రీకి మొదటి అక్షరం అది. ఇంతలో కోటిరత్నం కుర్చీ పక్కకు వచ్చి నిలబడింది.

"నేను చెప్తా, నువ్వు రాయి. నీ సొంతం ఒక్క ముక్క కలపొద్దు. ఆ నేల మా ఊరి కళ్లం. మా అత్తల నాటినుంచీ అక్కడే కాయ పోసుకుంటున్నాం. మా కళ్లంలోకి నలభై రోజులు మీ పిల్లకాయల్ని రావొద్దన్నాం. ఎవర్నీ ఏదీ అడుక్కోలా."

పడిన మ వృథా కాలేదు. దాన్ని మా అని దిద్ది, మా ఊరి కళ్లం ఆ నేల అని మొదలుపెట్టాడు. నాలుగే వాక్యాలు. అంత చిన్న కాగితం అతను జన్మలో రాయలేదు. చదువుకు పెట్టిన ఖర్చుకి ఇది మరీ తక్కువనిపించింది. సంతకం పెట్టబోతుంటే కోటిరత్నం ఆపి, కాగితం లాక్కుని తహశీల్దారుకిచ్చింది.

"మీరు చదవండమ్మా. వీడి మీద నాకు నమ్మకం లేదు."

తేజశ్రీ చదివింది. నాలుగో వాక్యం తర్వాత ఆగి ఖాజావలి వంక చూసింది.

"చివర 'దయచేసి గ్రహించగలరు' అని ఉందండీ."

ఎప్పుడు రాశాడో అతనికే తెలియదు.

"కొట్టెయ్," అంది కోటిరత్నం.

కొట్టేశాడు. కొట్టేసిన చోట పొట్టి సంతకం, కింద పెద్ద సంతకం పెట్టాడు. డిగ్రీలు రాయలేదు, గీత గీయలేదు. తర్వాత మిగతా ఏడుగురూ సంతకాలు చేశారు.

నేల ఎవరిదో తేల్చడం తన చేతిలో లేదనీ, ఫైలు పైకి వెళ్ళాలనీ, అందుకు నెలలు పడతాయనీ తేజశ్రీ చెప్పింది. పుస్తకంలో కళ్లమని ఉంది, అప్పగించిన కాగితం లేదు, పాత విన్నపం ఎలా పుట్టిందో రాసినవాడే చెప్పాడు. కాబట్టి ఫైలు తేలేదాకా ప్రహరీ పని ఆపాలి, స్టేడియం చుట్టూ ఉన్న ఖాళీ నేలలో ఊరివాళ్ళు కాయ పోసుకుంటుంటే అడ్డుపడకూడదు. స్టేడియం కింద నేల సంగతి తర్వాత. ఆమె ఆ మాట చెప్పి ఉత్తర్వు టైపు చేయించింది. పోటీలకు వచ్చే ఆటగాళ్ళు మిర్చి ఘాటుకి తుమ్ముతారని ప్రేమ్‌చంద్ అన్నాడు. తుమ్మితే ఏమవుతుంది, మేమూ తుమ్ముతూనే ఉన్నాం అంది కోటిరత్నం.

బయట ఆటోల దగ్గర ప్రేమ్‌చంద్ ఖాజావలి భుజం తట్టాడు.

"ఖాజావలి గారూ, ఏమాటకామాటే చెప్పాలి. ఆ పాత కాగితం ఎంత బాగా రాశారండీ. మా ఆఫీసు మొత్తం వెతికినా అలా రాసేవాడు ఒక్కడు లేడు."

ఖాజావలి వద్దనుకుంటూనే జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. థాంక్సండీ, అప్పుడింకా డిగ్రీయేనండీ, అని మొదలుపెట్టి ఇంకా ఏదో చెప్పబోయాడు.

"చాల్లే పొంగడం," అని కోటిరత్నం అతని మోచేయి పట్టుకుని ఆటోలోకి లాగింది. "ఎక్కు. పునాది గోతులు పూడ్చాలి, కళ్లం చదును చెయ్యాలి. పార పట్టుకుంటావా, దానికీ పాఠం ఉందా?"