మాణిక్యాంబ గారూ, నేనూ, పసుపు కొమ్మూ

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. నా గొంతు మనుషుల చెవికి అందేది కాదు, అందుకే రమ్మంటున్నాను. నేను ఒక హెల్మెట్‌ను. బండి నడిపేవాళ్లు పెట్టుకునేది కాదు. బోర్లించిన పెద్ద గిన్నెలా ఉంటాను. నా లోపలి గోడంతా గోరంత పలకలు, వెయ్యికి పైగా. ఒక్కో పలకా ఒక నోరనుకో. ఆ నోళ్లన్నీ కలిసి మనిషి తలలో ఒకే చోటు చూసుకుని పలుకుతాయి. చదువు లేనిదాన్ని. నా పక్కన నిలబడి డాక్టర్లు చెప్పుకున్న మాటలే నా చదువు. కానీ విన్నది ఒక్కటీ మరిచిపోలేదు.

సముద్రాల అవతల ఒక తెల్లటి గదిలో పుట్టాను. ఒక నడివయసు ఆవిడ భూతద్దం పెట్టుకుని నా పలకలకు తీగలు అతికించింది. భోజనానికి లేచినప్పుడల్లా నా మీద బట్ట కప్పి వెళ్లేది. తరువాత ఓడెక్కి విశాఖపట్నంలో దిగాను. ఆస్పత్రివాళ్లు నా ముందు కొబ్బరికాయ కొట్టారు. పీచు ముక్క ఎగిరి నాలో పడిందని ఇంజనీరు రెండు రోజులు నన్ను తుడుస్తూనే ఉన్నాడు. అంత చదివినవాడు కూడా కొబ్బరికాయ వద్దనలేకపోయాడు.

మొదట్లో చేతులు వణికేవాళ్లు వచ్చేవారు. ఆ తరువాత మతిమరపు జబ్బు వాళ్లను తేవడం మొదలుపెట్టారు. మెదడుకు గట్టి కావలి ఉంటుందట. రక్తంలోంచి చెడ్డది రాకుండా చూస్తుంది. దానికి మంచీ చెడూ తేడా తెలియదు పాపం, మందును కూడా ఆపేస్తుంది. అందుకని రక్తనాళంలోకి మందుతో పాటు కంటికి కనపడని బుడగలు వదులుతారు. నేను పలికితే ఆ బుడగలు ఊగుతాయి, కావలి కాస్త సందు ఇస్తుంది, మందు లోపలికి వెళుతుంది. రోజో రెండు రోజులో గడిచేసరికి సందు మూసుకుంటుంది. కోత లేదు, కుట్టు లేదు. ఇంకా పరీక్షలో ఉన్న వైద్యం. డాక్టర్ నీలోఫర్ ప్రతి ఇంటివాళ్లకూ ముందే చెప్పేది, నయమవుతుందని మాట ఇవ్వలేనని.

మాణిక్యాంబ గారు అమలాపురం వైపు మనిషి. డెబ్బై ఒకటో ఏడు. భర్త పేర్రాజు గారు బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్లయి యాభై ఏళ్లు దాటిన మొగుణ్ణి ఆవిడ అప్పటికే ఎవరో పక్కింటాయన అనుకుని కుర్చీ వేస్తోంది. ఆయన అడిగింది ఒక్కటే. ఉన్నన్నాళ్లూ తనెవరో ఆవిడకు తెలియాలి. డాక్టర్లు నెలకొకసారి చొప్పున మూడుసార్లు నా దగ్గరికి తీసుకురమ్మన్నారు.

ఇక్కడే పొరపాటు జరిగింది. విను.

నేను అప్పుడు ఉండేది తల లోపలి బొమ్మ తీసే పెద్ద అయస్కాంతం గదిలో. ఒంటి మీద లోహం ఉండకూడదు. వెంట్రుకల మధ్య గాలి చేరితే నా పలుకు దాటదు కనుక తల నున్నగా గీయాలి. తల కదలకుండా చట్రం బిగించే ముందు నుదురు స్పిరిట్‌తో తుడవాలి. సిస్టర్ దయామణి చెయ్యి చాలా మెత్తన. పుస్తెలు తీసింది. నల్లపూసలు, గాజులు, మెట్టెలు తీసింది. తల గీయించింది. నుదురు తుడిచింది, బొట్టు పోయింది. అన్నీ ప్రేమగానే చేసింది. మాణిక్యాంబ గారు పెరిగింది మొగుడు పోయాక గుండు చేయించిన నాయనమ్మ ఒళ్లో అని ఎవరికి తెలుసు? ఈ జబ్బు నిన్నటిని తీసుకుపోతుంది గానీ అరవై ఏళ్లనాటిదాన్ని ముట్టుకోదు.

ఆవిడ తల తడుముకుంది. మెడ తడుముకుంది. వంగి కాలివేళ్లు చూసుకుంది.

"ఎప్పుడు పోయారమ్మా ఆయన?"

దయామణికి అర్థం కాలేదు. ఎవరని అడిగింది.

"మావారు. నాకో మాటన్నా చెప్పకుండా అన్నీ తీసేశారే. చివరిచూపు కూడా చూపించలేదు."

పేర్రాజు గారు లోపలికి పరుగెత్తుకొచ్చి, మాణిక్యం, నేనిక్కడే ఉన్నానన్నారు. ఆవిడ దుప్పటి తల మీదికి లాక్కుంది.

"మీరవతల ఉండండి బాబూ, మైల." దయామణి వైపు తిరిగి మెల్లగా చెప్పుకొచ్చింది. "మంచివారమ్మా. కోపమొస్తే సుద్దముక్కలు చెక్కుకుంటూ కూర్చునేవారు గానీ నన్నొక మాట అనలేదు. చెబుదామనుకున్నాను ఆయనతో, మీరు మంచివారండీ అని. చెప్పనేలేదు."

తన చావుకు పెళ్లాం ఏడుస్తుంటే మొగుడు తలుపు పక్కన నిలబడి విన్నాడు. అలాంటిది నేనింకెక్కడా చూడలేదు తల్లీ.

ఆవిడ గొడవ చేయలేదు. రెండున్నర గంటలు కదలకుండా పడుకుంది. కన్నీళ్లు కణతల మీంచి చెవుల్లోకి జారాయి. నా చుట్టూ తిరిగే చల్లనీళ్లు ఆవిడ తలకు తగులుతుంటే, నాకు చేతనైంది నేను పలికాను. గదిలోవాళ్లు మాత్రం ఇంత ఓపికైన పేషెంటును చూడలేదని మెచ్చుకున్నారు.

ఇంటికెళ్లాక పదిరోజులు బొట్టు పెట్టుకోలేదట. గొలుసు మెడలో వేస్తే తీసి పెట్టేసేదట. తరువాత అదీ మరిచిపోయింది. రెండోసారికి పేర్రాజు గారు ఒక్కరే ముందు లోపలికి వచ్చారు.

"ఇక చాలండి. ఆవిడకి నేను గుర్తుండాలని తీసుకొచ్చాను. ఇక్కడ మీరు నన్ను చంపేస్తున్నారు."

ఆయన గొంతులో కోపం లేదు. రెండోసారి మానేస్తే ఈ వైద్యంలోంచి పేరు కొట్టేయాలి. డాక్టరమ్మ సరేనని కాగితం అందుకుంది కూడా. అప్పుడు దయామణి అడిగింది, పుస్తెలతాడు మార్చేటప్పుడు మెడ బోసిగా ఉండకూడదని మీ ఆడవాళ్లు ఏం కట్టుకుంటారు మాస్టారూ అని. ఆయనకు తెలియదు. మగవాళ్లకు ఇలాంటివి ఎందుకు తెలుస్తాయి? చెప్పింది డాక్టర్ నీలోఫరే.

"పసుపు కొమ్మండి. దారానికి కట్టి. మా పక్కింటి మామ్మగారు కట్టుకోవడం చూశాను."

ఇంజనీరు పసుపు కొమ్మును అయస్కాంతం దగ్గర పెట్టి చూశాడు. చదువుకున్నవాళ్లకు అదో తృప్తి.

ఈసారి వరస మార్చారు. ముందు పేర్రాజు గారు పసుపుదారం మెడలో కట్టారు, ఆ తరువాతే బంగారం తీశారు. కాలివేళ్లకు పసుపుదారం చుట్టారు. నుదుటి మీద చట్రం తగిలే రెండు మూలలే తుడిచారు, బొట్టు నిలిచింది. గుండు గీస్తుంటే కొండకు మొక్కు అనుకుంది కాబోలు, దణ్ణం పెట్టుకుంది. మెడ తడుముకుంది. కొమ్ము చేతికి తగిలింది. మా వారు బయట కాఫీ తాగారో లేదో కనుక్కోమంది. అయితే తాడు కట్టినాయనను పురోహితుడనుకుని, పంతులుగారికి తాంబూలం ఇచ్చి పంపించమంది. పేర్రాజు గారు నవ్వి, తాంబూలం ఇప్పించుకునే వెళతానన్నారు.

మూడోసారి ఆయన దారం పట్టుకుని వెనకవైపుకు రాగానే ఆవిడ తనంతట తనే మెడ వంచింది.

"నిదానంగా వేయండి. ఆ రోజు నా జడ ముళ్లో ఇరికించి లాగారు. పీటల మీద ఏడవకూడదని ఊరుకున్నాను."

ఆయన చేతులు ఆగిపోయాయి.

"నొప్పి పుట్టిందా?"

"పుట్టదూ మరి? అడిగారా అప్పుడు?"

ఆ మాట విన్నాక ఆయనకు మూడో ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందర పెట్టలేదు. నా దగ్గర్నుంచి లేచాక ఆవిడ ఆయన్ని చూసి, మీదే ఊరు బాబూ అని అడిగింది. ఆయన చెప్పారు.

నేను పలికిన చోట మెదడులో ఈ జబ్బు పేర్చిన మచ్చ పలచబడిందని బొమ్మలో కనిపించిందట. జ్ఞాపకానికి వేసే మార్కుల కాగితంలో మార్పు లేదు. మార్కులు తగ్గకపోవడమే మంచి కబురంది డాక్టరమ్మ. ఆ కాగితంలో తేదీ అడుగుతారు, గడియారం గీయమంటారు. ముడి వేసిన చేయి ఎవరిదని అడగరు. ఆ మాట నా వల్ల వచ్చిందో, మందు వల్లనో, దారం వల్లనో, దానంతట అదే వచ్చిందో నాకూ తెలియదు. తెలుసని అంటే అబద్ధమవుతుంది.

ఇప్పుడు నా చోటికి కొత్తది వచ్చింది. నన్ను పక్కగదిలో బట్ట కప్పి ఉంచారు. దయామణి ఇప్పుడు ఎవరొచ్చినా, ఒంటి మీదివి తీయకముందే, వీటిలో ఏది తీస్తే మీకు భయమేస్తుందమ్మా అని అడుగుతోంది. గోడ ఇవతలికి నాకు వినిపిస్తుంది.

నువ్వు ఇది గుర్తుపెట్టుకో తల్లీ. ఎవరికైనా చెప్పేటప్పుడు, ఒక హెల్మెట్ పోయిన మతిని తెచ్చి ఇచ్చిందని మాత్రం చెప్పకు, జనం ఆశపడతారు. తలుపు కొంచెం సందు తీస్తుందని చెప్పు. ఆ సందు దగ్గర ఒక ముసలాయన దారం పట్టుకుని నిలబడ్డాడని చెప్పు. ఆయన పేరు కూడా చెప్పు, పేర్రాజు అని. ఆవిడకు గుర్తుంటుందో లేదో, మనకన్నా గుర్తుండాలి.